దుంపల బస్తా

ఎర్రది ఒంటివేలికి లేచింది.
"ఖాళీగా ఎత్తితే అన్నీ పిట్టలే, ఎదువినా!"
ఒసియెల్ క్యారియర్ మీద
బంగాళాదుంపల బస్తా బిగించి కట్టాడు.
"ఇప్పుడు తొక్కు."
కొయాయికే వీధి మలుపులో
ఎర్రది తాగినవాడిలా తూలింది.

మూలనున్నది ఉక్కుది.
బూడిద రంగు, దాని మీద
ఎవరిదో సగం గీకిన పేరు.
బస్తా కిక్కురుమనలేదు.
"దారిలో విరిగితే?"
"ఇనప గేటు అతికేవాడెవడైనా
దీన్నీ అతుకుతాడు."

ముప్పై ఏళ్లు తపాలా కిటికీ వెనక
ఊళ్ల పేర్ల పక్కనే ముద్ర గుద్దాను.
కోక్రేన్. తోర్తెల్. విల్లా ఓ'హిగిన్స్.
వాటి దుమ్ము
ఉత్తరాల అంచులకంటి వస్తే
తుడిచేదాన్ని.

సీటు వేలెడు దించాడు.
బస్తా విప్పబోతే వద్దన్నాను.
దుంపల డబ్బూ కలిపి ఇచ్చి
కంకర మీద, ఎదురుగాలిలో
ఇంటికి బయల్దేరాను,
చుట్టుదారిన.