లాంగ్ కేసు

నేను అడగకముందే
ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు ఉరుకుందప్ప.
ఊపిరంతా బయటికి వదిలి, బిగబట్టి,
"గంట పక్క పెట్టు పాపా, బిళ్ల పక్క గాదు"
అన్నాడు గుసగుసగా.

నలభై ఐదు నిమిషాలు.
కర్నూలు పెద్దాసుపత్రి, మగవాళ్ల వార్డు, ఏడో మంచం.
తిరుపతి నుంచి వచ్చిన ఎగ్జామినరు
వరండాలో టీ తాగుతూ దగ్గుతున్నాడు.
చెమటకు స్టెత్ జారిపోతోంది.

అప్పుడు వినపడింది.
నడిరాత్రి తుంగభద్ర వంతెన మీద గూడ్సు పోతుంటే
హాస్టల్ కిటికీ ఊచలు సన్నగా వణుకుతాయే,
అట్లా.
ఐదేళ్లు పుస్తకంలో చదివిన సడి
కోసిగి మనిషి పక్కటెముకల కింద దొరికింది.

"దొరికెనా?"
తలూపాను.
"పోయినేడు ఒక పిలగాడు దొరకల్యా అని ఏడ్సె.
నేనే పేరు చెప్తి."
ఆ రోగం పేరు ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా.
కేసు షీటులో సంతకం మాత్రం వేలిముద్ర.

పాసయ్యాను.
తర్వాత తెలిసింది,
పదకొండేళ్లుగా ప్రతి పరీక్షకూ
అటెండరు చిన్న దస్తగిరి ఫోను చేసి పిలుస్తాడని.
రానుపోను ఛార్జీలు, రెండు పూటల అన్నం, మూడొందలు.
పెండ్లాం పిల్లలు గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతారు.
ఇతను నాలుగు సాళ్లు నడిస్తే కూలబడతాడు.
"మీ పరీక్షలే నాకు సుగ్గి."

హౌస్ సర్జన్ అయ్యాక
పగలు రక్తం సీసాలు మోసి
రాత్రి డ్యూటీ రూములో, దోమతెర లోపల
పీజీ ఎంట్రన్సు ప్రశ్నలు, రోజుకు రెండొందలు.
తస్లీమా స్కిన్ అంటుంది, నేను మెడిసిన్ అంటాను,
ర్యాంకు ఏమంటుందో.
ఒక రాత్రి మూడింటికి
పురుగుమందు తాగిన ఆదోని ఆమెకు కడుపు కడిగొచ్చి
ఇంకా వాసన వదలని వేళ్లతో తర్వాతి ప్రశ్న తెరిచాను:
నలభై రెండేళ్ల వ్యవసాయ కూలీ. ఆయాసం.
వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు.
తర్వాత మీరేం చేస్తారు?
బి. బెలూన్‌తో కవాటం వెడల్పు చేయడం.
బి నొక్కాను. పచ్చరంగు వచ్చింది.
నిద్ర మాత్రం రాలేదు.

మందులకొచ్చిన రోజు కాగితం రాసిచ్చాను.
జేబులోంచి అట్లాంటివే రెండు తీసి చూపించాడు,
మడతల దగ్గర చిరిగి, చెమటకు సిరా అలికినవి.
"ఈ సప్పుడు పోతే
నన్ను ఎవురు పిలుస్తారు పాపా?"

నచ్చజెప్పడం రాలేదు నాకు. కోప్పడ్డాను.
ఆప్రాన్ విప్పి భుజానేసుకొని
ఆరోగ్యశ్రీ గది ముందు లైన్లో
నేనే నిలబడ్డాను.

మళ్లీ పరీక్షలు.
పిలవకుండానే వచ్చాడు.
"నీకేముందని వచ్చినావు?" అని దస్తగిరి నవ్వు.
ఖాళీగా ఉన్న జూనియర్ పిల్ల ఒకతె ఆశగా స్టెత్ పెట్టింది.
అతను అలవాటుగా ఎడమకు తిరిగాడు, ఊపిరి బిగబట్టాడు.
ఆ పిల్ల నుదురు ముడిచింది. చోటు మార్చింది. మళ్లీ మార్చింది.
"ఏం ఇనపల్యా?"
మొదటిసారి పరీక్ష తప్పినవాడిలా
నాకేసి చూసి నవ్వాడు.

క్యాంటీన్ మెట్లెక్కి ఉగ్గాని తిన్నాం.
"ఈ యాడు నేను గూడా గుంటూరు పోతాండా.
నీ ర్యాంకు వచ్చెనా?"
"చాలలేదు. మళ్లీ రాస్తా."
"డాక్టరైతివి గదా, ఇంగా ఏం సదవల్ల?"
చెప్పబోయి ఆగాను.
బజ్జీ తుంచి సగం నా ప్లేటులో వేశాడు.
"సుగ్గి గూడా అంతే పాపా.
ఒగో యాడు కాయ ఉంటాది, ధర ఉండదు."

గేటు బయట కోసిగి బస్సు కదులుతోంది.
సంచి చంకన పెట్టుకొని
ఉరికినాడు ఉరుకుందప్ప.