ఎడమ చెంప, కుడి చెంప

కొండ మీద కల్యాణకట్టలో
నా చేతికొచ్చేది సగం బ్లేడు.
నడిమికి విరిచి, ఒక తలకు ఒక సగం.
ఇరవై రెండేండ్లలో ఎన్ని సగాలో
ఆ లెక్క దేవుడి దగ్గరే ఉండాల,
మా మేస్త్రీ దగ్గర మాత్రం లేదు.

అన్ని తలలు గీసినా
బ్లేడు మాట్లాడింది ఒక్కనాడూ వినలేదు నేను.
గోవిందలు, కొళాయిలు,
తల తడిసిన పసిబిడ్డల ఏడుపులు.
ఇన్నిట్లో రేకు గొంతు ఎవురికి వినబడతాది?

అందుకే సెలవు దినం
కొర్లగుంటలో, పెరటి గోడకు తగిలించిన
మూల పగిలిన అద్దం ముందర
పాలబండి రాకముందే కూర్చుంటా.
చెంబులో వేడినీళ్ళు, కుంచె, పటిక ముక్క,
మా మామ వాడిన బరువు రేజరు.
పిడి తిప్పితే రెండు రెక్కలు తెరిచి
బ్లేడును నిండుగా మింగుతాది.
ఇక్కడ సగాల్లేవు.
ఎడమ చెంపకు ఒక రకం,
మార్చి, కుడి చెంపకు ఇంకో రకం.
వింటా.

పచ్చ కవరుది
ఎండిన చెనక్కాయ పొట్టు మీద నడిచినట్టు
చరచరమంటాది. మాటెక్కువ, మోసం లేదు.
నీలం కవరుది గుట్టుగా పోతాది.
అంతా అయినాక, పటిక రుద్దినప్పుడు చెప్తాది
ఏడేడ కోసిందో. మా తోడల్లుడి రకం.
ఎర్ర కవరుది మొదటి దినం పులి,
రెండో దినం పిల్లి,
మూడో దినం కొబ్బరి పీచు.
మైనం చుక్కలతో కాగితానికి అతుక్కోనున్న ఒకటి,
ఫారిన్ సరుకంట, ఒక్కోటి పన్నెండు రూపాయలు,
గదవ కింద ఎదురుగీతకు కూడా
చప్పుడే చెయ్యలేదు.
గడ్డం ఉండిందా అసలని తడుముకున్నా.
దాన్ని నమ్మబుద్ధి కాలేదు నాకు.

పసుపు కవరుదాని గురించి
ఎల్లైసీ డైరీలో ఒకే ముక్క రాసిపెట్టినా:
‘ఇది బ్లేడు కాదు, డబ్బా రేకు.’

ఆ డైరీలో అన్నీ ఉండాయి.
ఎన్ని గీతలకు మొద్దుబారింది, ఎన్ని గాట్లు,
ఆ పొద్దు ఏ నీళ్ళు.
బోరు నీళ్ళకు నురగ నిలబడదు.
కల్యాణి డ్యాము నీళ్ళు వదిలిన పొద్దు
అన్ని బ్లేళ్ళూ మంచివే అయిపోతాయి.
ఈ మాట రాసి, కొట్టేసినా.
బ్లేడుకు మార్కులేస్తా నీళ్ళను పొగిడితే ఎట్టా?

‘బీపీ మాత్రలు ఇంత శ్రద్ధగా మింగితే మేలు’ అంటాది
మా రేవతమ్మ, నా పాత బ్లేడుతో
జాకెట్టు కుట్లు విప్పుకుంటా.
ఆమె తీర్పు ఆమెది:
పచ్చది దారాన్ని తెంపుతాది,
నీలంది దారంతో పాటు గుడ్డనూ.

పోయిన నెల కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది.
రేజరు పట్టలేను. వారం గడ్డం.
డ్యూటీ దిగినాక, పక్క పీట కుప్పయ్య
‘కూర్చో అన్నా’ అన్నాడు.
జేబులోంచి తీసినాడు, చూస్తే పసుపు కవరు.
వద్దందామని నోరు తెరిచేలోగా
నా గదవ వాడి అరచేతిలో ఉండాది.

లక్ష గదవలు ఎత్తినోణ్ణి,
నా గదవను ఇంకొకడు ఎత్తడం
కట్టలో చేరినాక అదే మొదటిసారి.
రెండేళ్ళతో తోలు లాగిపట్టి,
ఊపిరి బిగబట్టి, వదిలి,
ఒక్కో గీత.
చుట్టూ అంత గోల,
అయినా ఆ రేకు గొంతు విన్నా నేను.
కొత్త కాపీ నోటులో కాగితం తిప్పినట్టు.

‘ఏం బ్లేడు కుప్పయ్యా అది?’
‘ఏమో అన్నా, మా పిల్లోడు తెచ్చినాడు’
అంటా చెయ్యి కడుక్కున్నాడు.
కవరుకేసి చూడను కూడా లేదు.

ఆ రాత్రి డైరీ తీసి
‘డబ్బా రేకు’ మీద అడ్డగీత కొట్టినా.
పక్కన ఏం రాయాల్నో తోచక శానాసేపు కూర్చోని
‘కుప్పయ్య’ అని రాసి మూసేసినా.

అంతటితో నిలిపేసుంటే బాగుండు.
నిన్న గాంధీరోడ్డులో, ఫ్యాన్సీ షాపు గాజుబల్ల కింద
ఊదారంగు కవరు కనబడింది.
కొత్త రకమంట.
బేరమాడకుండా అయిదు కొన్నా.