ఉత్త నేల దిక్కు

డాక్టరమ్మ గట్టిగనే చెప్పింది: చీపురు పట్టకు,
ఊడ్చినకొద్ది నూగు లేస్తది,
లేసినకొద్ది మీ ఆయన దగ్గుతడు.
మెషిన్ మా ఆడబిడ్డ పనిచేసే ఇంట్ల ఇచ్చిన్రు,
పాతది. మూతి లేదు.
ఆ మూతి కోసమే
కొత్తవాడ నుంచి చౌరస్తా దాక నడిచి పోయిన.

దుకాణం పిలగాడు తౌఫీక్
గాజు బల్ల మీద నాలుగు మూతులు పరిచిండు,
సంతల దువ్వెన్లు పరిచినట్టు.
"మీ ఇంట్ల నేల ఎట్లుంటదమ్మా?" అన్నడు.

ముప్పై ఏండ్లల్ల
నన్ను ఎవ్వరు అడగని మాట.

చెప్పిన.
ముందటర్రల తాండూరు బండలు,
ఒకటి నున్నగ, ఒకటి గొగ్గిగొగ్గి,
సందులల్ల సిమెంటు ఎప్పుడో లేసిపోయింది.
వంటింట్ల ఎర్ర గచ్చు,
మా మామ తన చేతులతోని రుద్దింది,
పొయ్యి దగ్గర జానెడు పగులు.
మగ్గం గుంత చుట్టు మాత్రం నల్లరాయి ముక్కలు,
కరీంనగర్ దిక్కు కోతల పారేసినవి,
ఆటోల ఏసుకొచ్చి అతికిచ్చినం.

చెప్తుంటె చెప్తుంటె
పెద్దిల్లే అనిపిచ్చింది.

మొదటి మూతిల గిరగిర తిరిగే బ్రష్షు.
తిప్పి చూసిన. పంజా పండ్లంత గట్టిగున్నయి వెంట్రుకలు.
"ఇది మస్తు నడుస్తదమ్మా, అందరు ఇదే కొంటరు."
కొంగు ముడి ఇప్పిన.
పైసలనుకొని చెయ్యి చాపిండు.
ఇంటికెల్లి తెచ్చిన నూగు, పోగుల తునకలు
దుకాణం నేల మీద పోసిన.
"వీటిని పీల్చిపియ్యి, కొంట."

పిలగాడు జర సేపు చూసిండు, నవ్విండు, తీగ పెట్టిండు.

గిరగిర మూతి సగం నూగును
ఫ్రిజ్‌ల కిందికి చిమ్మింది,
మిగిలిన పోగులను మెడకు చుట్టుకొని ఆగిపోయింది.
నేను కింద కూసొని ఆ పోగు ఇప్పిన,
రెండు వేళ్ల మీద చుట్టిన, అలవాటు.
ఇంకో మూరెడుంటే ముడేసి వాడుకుందు.

రెండోది ఉత్త ప్లాస్టిక్ పలక.
నేలను జలగ లెక్క పట్టుకొని కిర్రుమన్నది,
నూగును ముందట ముందట తోసుకుంటనే పోయింది.

మూడోది వెడల్పుది,
కింద మెత్తటి వెంట్రుకలు, పక్కకు రబ్బరు గిల్లలు.
చెంపకు ఆనిచ్చి చూసిన, గుచ్చలే.
నూగు సప్పుడు లేకుండ లోపలికి పోయింది,
అలిగిన పిల్ల అన్నానికొచ్చినట్టు.

నాలుగోది కొంగ ముక్కు, బండ సందులకు.
రెండు కలిపి ఆరు వందల యాభై అన్నడు,
అయిదు వందల కాడ తెగింది.

అయితే మూడోదాని నెత్తి మీద కాలు మీట ఒకటున్నది.
ఒక దిక్కు అలల గీతలు, ఒక దిక్కు సక్కటి గీత.
"ఇటు తొక్కితే కార్పెట్‌కు, అటు తొక్కితే ఉత్త నేలకు.
ఇంట్ల కార్పెట్ ఉన్నదా అమ్మా?"

సోమవారం మగ్గం దిగినయి నాలుగు జంపఖానలు,
ఆరుకు తొమ్మిది, అంచుకు చిలుకలు.
మడత పెట్టంగ మోకాళ్ల మీద పడితెనే వెచ్చగుండె.
ఒక్కటన్న కింద పరిస్తిమా?
పరిచింది ఎవడు కొంటడు?

"లేదు బిడ్డా" అన్న.
"ఉత్త నేల దిక్కే పెట్టియ్యి."

రాత్రి సంచి ఇప్పి పేపర్ మీద గుమ్మరిచ్చిన.
బూడిద రంగు ముద్ద. దాన్నడుమ
కొంగ ముక్కు సందులల్లకెల్లి గుంజిన పోగులు:
పోయినేటి నీలం, అటేటి ఆకుపచ్చ,
ఇంకొకటి ఎండిన కుంకుమ లెక్క.
మా ఆయన సారంగపాణి దాన్ని లైటు కింద పెట్టి,
"ఇది రంగు కుదరలేదని వాపసొచ్చిన ఆర్డరు కదనే,
ఏడ దాసినవ్ ఇన్నేండ్లు?" అని నవ్విండు.
నవ్వంగ నవ్వంగ దగ్గొచ్చింది.
దగ్గే.
కాని ఇయ్యాల నవ్వులకెల్లి వచ్చింది.

మూతిని గోడకు బోర్ల పెట్టి పండుకున్న.
బోర్ల పెడితే వెంట్రుకలు వంగుతయమ్మా
అన్న తౌఫీక్ మాట యాదికొచ్చి,
లేసి, లైటెయ్యకుండ,
ఎల్లెలుకల తిప్పి పెట్టిన.