ఐసు ముట్టని వేసవి

ముప్పై ఒక్క ఏళ్ళు ఐసు మోశాను.
తెల్లారుజామున వన్‌టౌన్ ఫ్యాక్టరీలో దిమ్మ దించుకుని
ఊక చల్లి, గోనెపట్టా చుట్టి,
సైకిల్ వెనక బిగించి
కరిగేలోపు గవర్నరుపేట చేరాలి.
నాకు వేరే గడియారం ఉండేది కాదు.

ఇప్పుడు సూర్యారావుపేట, రెండో అంతస్తు,
కిటికీ పక్క కుర్చీ.
సిస్టర్ మరియకుమారి సీసా తగిలిస్తూ
"మీరావలి బాబాయ్, ఐదో సైకిల్" అంది.
నవ్వొచ్చింది.
నా సైకిల్ అమ్మితే ఎండోస్కోపీకి సగం వచ్చింది.
దీనికి బెల్లు లేదు, స్టాండు లేదు,
పద్నాలుగు రోజులకోసారి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

ఒక్క మందు చాలదట.
కడుపులో పుట్టింది కాలేయం దాకా పోయి కాపురం పెట్టింది.
డాక్టరు కాయితం మీద కడుపు బొమ్మ గీశాడు,
కోసే చోటు వెతుకుతున్నట్టు మళ్ళీ గీశాడు,
పెన్ను మూత పెట్టేశాడు.
ఒక మందు ఇక్కడే రెండు గంటలు కారుతుంది.
ఇంకోటి బుడగలో నింపి
కాలరెముక కింది గుండీకి గొట్టం తగిలించి
నడుముకి సంచీ కట్టి ఇంటికి పంపిస్తారు,
నలభై ఆరు గంటలు.
నిద్రలో దాని మీదికి ఒత్తిగిలకుండా
రహమతున్ తలగడ అడ్డం పెడుతుంది.
బయట ఎండ కూడా నలభై ఆరే.

మొదటి సీసా ఎక్కిన సాయంత్రం
కుళాయి తిప్పి మొహం కడుక్కోబోతే
వేళ్ళల్లోకి కరెంటు.
కుండనీళ్ళు గుక్కెడు మింగితే గొంతులో గాజుపెంకులు.
స్టీలు గ్లాసు, తలుపు గడియ,
రాత్రి లేచి పాదం మోపిన నేల,
అన్నీ కరిచేవే.
చల్లదనం నన్ను గుర్తుపట్టడం మానేసిందనుకున్నా.
గుర్తుపట్టే చేస్తోందేమో,
ఇన్నేళ్ళూ దాన్ని రంపంతో కోసినవాణ్ణి కదా.

పక్క కుర్చీ కోటిరత్నం గారిది. తెనాలి.
కుట్టుమిషన్ మీద ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి.
ఆవిడకి మూడు మందులు, జుట్టు రెండో వారమే పోయింది.
దాని గురించి ఒక్క మాట అనలేదు.
"సూది కనపడుతోందయ్యా,
పట్టుకున్నట్టే తెలీట్లేదు" అంది ఓసారి.
పోయిన సోమవారం ప్లేట్‌లెట్లు తక్కువని వెనక్కి పంపితే
పెళ్ళికి పిలిచి వాకిట్లోంచి పొమ్మన్నట్టు ఏడ్చింది.
వాంతులు తెప్పించే మందు ఇవ్వలేదని ఏడుపు.
నాకు వింతగా అనిపించలేదు.

స్కానింగులో మచ్చ నాలుగు నుంచి మూడుంబావుకి వచ్చిందట.
"కరుగుతోంది" అన్నాడు డాక్టరు.
ఆ మాట నా జీవితంలో ఎవరూ మంచి కబురుగా చెప్పలేదు.
బందరు రోడ్డు మీద పెడలు తొక్కుతూ
కరక్కు, కరక్కు అని ఎంత బతిమాలానో.
రాత్రి సంచీ మీద చెయ్యి పెట్టుకుని
అదే నోటితో
కరుగు, కరుగు.

ఇంటికెళ్తూ ఆటో జ్యూసు బండి దగ్గర ఆగింది.
మే నెలలో చేతులకి ఉన్ని గ్లౌజులు చూసి కుర్రాడు నవ్వాడు.
వాడి దిమ్మకి పట్టా సరిగా చుట్టలేదు,
ఓ మూల అప్పుడే గుండ్రంగా తిరిగింది.
"నలభై నిమిషాలు, అంతే" అన్నాను.
వాడు పట్టించుకోలేదు.
దిమ్మని చూసి నేను చెప్పగలను.
నన్ను చూసి చెప్పగలరేమోనని
డాక్టర్ని అడగలేదు.
రహమతున్ ఫ్లాస్కు మూత తిప్పింది.
ఎండలో ఆవిరి.
"తాగు, వేడిగానే ఉంది."