నలభై సెకన్లు

పదకొండేళ్లుగా ఇదే నా పని.
తెల్లారకముందే ఫ్యోర్డ్ మీది వంతెన దాటి,
ఎదకొచ్చిన ఆవుల కబుర్లు ఫోన్లో అందుకుంటూ
వ్యాను వెనక చల్లటి పొగలు కక్కే డబ్బాతో
కొట్టం కొట్టం తిరుగుతాను.
భుజం దాకా తొడుగు. జేబులో థర్మామీటరు.
గోరువెచ్చని నీళ్లలో స్ట్రా, నలభై సెకన్లు.
ఏమరిస్తే చేతిలో మిగిలేది ఉత్త నీళ్లే.

"ఎస్కిల్ చెయ్యి పడితే చూడి కట్టాల్సిందే" అంటాడు
ముసలి ఆస్గర్, కాఫీ పోసిన ప్రతిసారీ.
ఆ మాట త్యూరాకి చెప్పడం మానేశాను.

నా పరీక్ష ఫలితంలో సున్నా అని లేదు.
"కనబడలేదు" అని రాశారు,
తప్పిపోయిన దూడ గురించి రాసినట్టు.
వ్యానులో కూర్చుని నాలుగుసార్లు చదివాను.
వెనక డబ్బాలో మూడొందల స్ట్రాలు,
ఒక్కోదాని మీదా ఒక ఎద్దు పేరు.

దాతల జాబితా మేమిద్దరం వంటింట్లోనే చూశాం.
ఎత్తు, కళ్ల రంగు, చిన్నప్పటి ఫొటో ఒకటి.
"గిట్టల బలం రాయలేదేం?" అంది త్యూరా.
ఎన్నాళ్లకో నవ్వాం. నవ్వి,
ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి
చాలాసేపు అటే తిరిగి నిలబడింది.

వీబోర్ క్లినిక్‌లో నర్సు స్ట్రా తీసింది.
తెలిసిన పొగే. తెలిసిన చిన్న చప్పుడే.
నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను:
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది,
నలభై.
ఆమె కదల్లేదు.
నేనే సగం లేచాను, "తీసెయ్యండి" అన్నాను.
"మనుషులకు పది నిమిషాలండీ" అంది మెల్లిగా.

పది నిమిషాలు!
ఏ ఆవు దగ్గరా అంతసేపు నిలబడలేదు నేను.
ఏం చెయ్యాలో తోచక
త్యూరా పాదం పట్టుకున్నాను. ఊలు మేజోడు,
బొటనవేలి దగ్గర చిన్న చిరుగు.
కిటికీ అవతల ఎవరో సైకిలు మీది మంచు దులుపుతున్నారు.

"మీరు నొక్కుతారా?" అని నర్సు అడిగింది.
నా చేతులు వణికాయి. ఇన్ని వేల ఆవుల చేతులు.
త్యూరా నా మణికట్టు పట్టుకుంది,
నొక్కింది ఎవరో చెప్పలేను.

ఆ సాయంత్రం ఆస్గర్ కొట్టంలో
నలభై లెక్కపెట్టాను, తప్పలేదు.
పని అయ్యాక తొడుగు తీసి
ఆవు వీపు మీద ఉత్త చెయ్యి ఉంచి నిలబడ్డాను.
"ఏమైందిరా, కాఫీ చల్లారిపోతోంది" అన్నాడు ఆస్గర్.
కొంచెం ఆగమన్నాను.