చెయ్యెత్తితేనే ఆగే బండి

స్కాట్లాండు ఉత్తరపు కొసన
ఊబి మీద పరిచిన లైను ఇది.
దుంగలు వేస్తే మింగింది, రాళ్ళు పోస్తే మింగింది,
చివరికి మోపులు మోపులుగా పొదలు పరిస్తే
ఊరుకుంది నేల.
డోలీనా ముత్తాత చెప్పేవాడట,
తన కుడికాలి బూటు ఇంకా లోపలే ఉందని.

రెండో యుద్ధంలో నావికులు
నిలబడే నిద్రపోతూ ఇటే వెళ్ళారు.
వాళ్ళమ్మ కిటికీల్లోకి టీ అందించింది.
తిరుగు బండిలో
కప్పులు కొన్నే వచ్చాయి.

తర్వాత చేపలు, గొర్రెలు, ఉత్తరాలు,
మంచులో మూడు రోజులు కూరుకుపోయిన
ఓ పెళ్ళివారు.
ఆ తర్వాత రోడ్డు.

ఇప్పుడు రెండే పెట్టెలు.
చెయ్యెత్తితేనే ఆగుతుంది.

బుధవారం బుధవారం
డెబ్భై తొమ్మిదేళ్ళ డోలీనా చెయ్యెత్తుతుంది.
పక్క స్టేషనుకి టిక్కెట్టు కొని,
దిగి,
జింకల దారమ్మట ఇంటికి నడిచొస్తుంది.

"అక్కడేం పనమ్మా?" అన్నాడు కొత్త గార్డు.

"ఏం లేదు నాయనా.
ఏడాది చివర మీవాళ్ళు లెక్క చూస్తారుగా,
మా స్టేషను ఎదురుగా
సున్నా ఉండకూడదని."

అతను మిషను వైపు చూశాడు.
ఒకవైపు డబ్బులే తీసుకుని
రానూపోనూ కొట్టిచ్చాడు.

ఆమె మాత్రం
ఆ వేళా నడిచే వచ్చింది,
టిక్కెట్టు తడవకుండా
చేతి తొడుగులో పెట్టుకుని.