రసీదు

ఫెజ్ విమానాశ్రయంలో
కస్టమ్స్ ఇద్దర్ నా డ్రోన్‌ని
పసిపాపలా రెండు చేతులా ఎత్తి
బరువు చూశాడు.
"తిరిగెళ్ళేటప్పుడు ఇస్తాం."
నాలుగు రెక్కలకీ కలిపి ఒకటే ముద్ర.

ఈ చట్టం ఏ సంవత్సరానిదని అడిగాను.
నవ్వి, తర్వాతి పెట్టె తెరిచాడు.

మూడోరోజు
తోళ్ళు నానే గుంటల పైన, మిద్దె మీద
ముక్కుకి పుదీనా అదుముకుని నిలబడ్డాను.
పక్క డాబా మీద దుప్పటి ఆరేస్తున్నావిడ
నన్ను చూసి
తడి అంచుని ఇంకాస్త పైకి లాగింది.

"ఇది లల్లా తుదా వేళ" అన్నాడు
పుదీనా ఇచ్చిన తోలుకొట్టు కుర్రాడు.
"మిద్దెలు ఆడవాళ్ళవి."

చూపుకీ చెప్పులుంటాయని
మెట్ల దగ్గరే విడవాలని
నాకెవరు చెప్పారు?

దిగొచ్చి జేబు తడుముకున్నాను.
రసీదు చెమటకి మెత్తబడింది.
తేదీ ఉంది, నెల ఉంది.
సంవత్సరం దగ్గర
సిరా అలుక్కుపోయింది.